గిండీలో కట్టిన బొంబాయి వీధి

గోళ్లరంగు తుడిచే మందు సీసా మూత ఎవరు తీసినా, ఆ ఘాటుకి మద్రాసులో సినిమావాళ్ల పేట వడపళని గుర్తొస్తుంది. అక్కడి నెగిటివ్ కటింగ్ గదుల్లో, అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ముని కోసి అతికే గదుల్లో, వాడే సిమెంటుదీ దాదాపు అదే వాసన. పేరుకి సిమెంటు గానీ, అసిటోన్ లాంటి ద్రావకాలు కలిసిన పల్చటి జిగురు అది. మూత తీసి ఉంచితే కాసేపటికే చిక్కబడి తీగలు సాగుతుంది, ఇక పనికిరాదు. అందుకని పెద్ద సీసాలోంచి ఆ పూటకి సరిపడా చిన్న సీసాలోకి వంపుకునేవారు. సాయంత్రం మిగిలింది పారబోయడమే తప్ప తిరిగి పెద్ద సీసాలో పోయడం ఉండదు.

ఆ గదుల్లో ఫ్యాను వేయరు, దుమ్ము లేస్తుందని. ఏసీ ఉండేది, అదీ నెగిటివ్ కోసం. చెప్పులు గుమ్మం బయట. చేతులకు తెల్లటి నూలు గ్లవ్సు. రివైండర్ పిడి తిప్పుతుంటే కిరకిర, ఫిల్ములని జతగా నడిపే సింక్రొనైజర్ పళ్ల మీదికి ఫిల్ము ఎక్కుతుంటే టిక్కు టిక్కు, మధ్యమధ్య కత్తెర చప్పుడు. మెట్లు దిగితే మళ్లీ ఆర్కాట్ రోడ్డు హోరు, టీ కొట్టు దగ్గర సగం తమిళం సగం తెలుగు. గుంటూరు, తెనాలి, నెల్లూరు నుంచి వచ్చి అక్కడే జుట్టు నెరిసినవాళ్లు ఎంతమందో. తెలుగు సినిమా హైదరాబాదుకి తరలిపోయినా ల్యాబులు ఎక్కువగా మద్రాసులోనే ఉండేవి గనక వాళ్లూ ఉండిపోయారు.

అతుకు వేయడం చూస్తే తేలిక. ముందు ఎడిటర్ కోసిన రష్ ప్రింటు (ఎడిటింగు కోసం నెగిటివ్ నుంచి వేసిన పని ప్రింటు) అంచున ఉన్న నంబరు చూసి, నెగిటివ్‌లో అదే నంబరు వెతకాలి. అడుగుకొక నంబరు ఉంటుంది, అడుగుకి 16 ఫ్రేములు. నంబరు నుంచి ఫ్రేములు లెక్కపెట్టుకుని కోయాలి, అదీ సరిగ్గా గీత మీద కాదు, పక్క ఫ్రేములోకి కొంచెం జరిగి. ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికించాలి కాబట్టి ఆ అంచు కావాలి. తర్వాత కింది ముక్క అంచు మీద ఎమల్షన్‌ని, అంటే బొమ్మ పడే పూతని, గీకుడు బ్లేడుతో తీసేయాలి, అడుగున గాజులాంటి బేస్ కనబడేదాకా. ఒక్కసారి బ్రష్షుతో సిమెంటు రాసి, పైముక్క దించి, అతుకులు వేసే వేడి స్ప్లైసర్‌లో కొన్ని సెకన్లు నొక్కిపెట్టాలి.

గీకడం తక్కువైతే ప్రింటర్‌లో అతుకు ఊడుతుంది. ఎక్కువైతే బేస్ పల్చబడి అక్కడే తెగుతుంది. సిమెంటు ఎక్కువైతే పక్క ఫ్రేములోకి పాకి మరక పడుతుంది, తెర మీద ఆ మరక ఒక్క మెరుపు మెరిసి పోతుంది. ప్రతి అతుకూ పక్క ఫ్రేముని తినేస్తుంది కాబట్టి, ఒకే షాటుని రెండు ముక్కలు చేసి వాడాలనుకున్న ఎడిటర్ మధ్యలో కనీసం ఒక ఫ్రేము వదలాల్సిందే. వదలకపోతే నెగిటివ్ కట్టర్ ప్రింటు వెనక్కి పంపేసేవాడు. అందులో చిన్నా పెద్దా లేదు. కుర్రాళ్లు తొందరపడితే ఒక పెద్దాయన అనేవాడు: "రష్ చినిగితే ఇంకోటి వేస్తారు బాబూ. నెగిటివ్ చినిగితే ఆరోజు షూటింగే చినిగినట్టు."

మాటల సీన్లున్న రీలుకి వంద అతుకులుంటే, కొట్లాటల రీలుకి మూడు వందలు దాటేవి. రెండూ వెయ్యి అడుగులే, రెండూ పదకొండు నిమిషాలే. తెర మీద ఎంత హడావుడిగా ఉన్న రీలైతే ఆ గదిలో అంత నెమ్మదిగా నడిచేది.

*

1995 మార్చిలో మణిరత్నం 'బొంబాయి' వచ్చింది. ఊరి పేరు అప్పటికింకా మద్రాసే. తమిళంతో పాటు తెలుగులోనూ వచ్చింది, తెలుగు పాటలు వేటూరి రాశారు. కథ అందరికీ తెలిసిందే. పల్లెటూరి హిందూ కుర్రాడు శేఖర్, ముస్లిం అమ్మాయి శైలాబాను పెద్దల్ని కాదని బొంబాయి వచ్చి పెళ్లి చేసుకుంటారు. కవలలు పుడతారు. ఒకడు కబీర్ నారాయణ్, ఒకడు కమల్ బషీర్, తాతలిద్దరి పేర్లూ కలిసేటట్టు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూలుతుంది. ఆ డిసెంబర్‌లో ఒకసారి, తర్వాత జనవరిలో ఇంకోసారి బొంబాయి తగలబడుతుంది. ఆ అల్లర్లలో చనిపోయినవాళ్లు 900 మంది అని శ్రీకృష్ణ కమిషన్ లెక్క తేల్చింది. సినిమాలో ఆ కుటుంబం ఈ రెండు విడతల మధ్య నలిగిపోతుంది. జనవరి మంటల్లో తాతలిద్దరూ, అమ్మమ్మా పోతారు. పిల్లలు చెరోవైపు తప్పిపోతారు.

సినిమా మీద వచ్చిన రాతలు చాలావరకు గొడవల గురించే. పని గురించి రాసింది తక్కువ. నిజానికి దాన్ని తల్చుకున్నప్పుడల్లా పని తెలిసినవాళ్లకు మొదట గుర్తొచ్చేది మద్రాసులోని గిండీ. తగలబడిన ఆ బొంబాయి వీధుల్ని గిండీలో కాంపా కోలా కూల్‌డ్రింకు కంపెనీ వాళ్ల ఆవరణలో కట్టారు. కళాదర్శకుడు తోట తరణి, మనవాడే, కళాదర్శకుడు తోట వెంకటేశ్వరరావు గారి అబ్బాయి. అంతకుముందు 'నాయకన్'కి కూడా మద్రాసులోనే బొంబాయి పేటల్ని కట్టి జాతీయ అవార్డు తీసుకున్న మనిషి.

మద్రాసు గోడకీ బొంబాయి గోడకీ తేడా ఉంది. మద్రాసు గోడ ఎండకి, ఉప్పుగాలికి వెలిసిపోతుంది, సున్నం పొడిపొడిగా రాలుతుంది. బొంబాయి గోడ వానకి నల్లబడుతుంది. నాలుగు నెలల వాన కిటికీ చూరుల కింద, ఇనప గొట్టాల పక్కన నల్లటి చారలు దించుతుంది. గోడ మీద ఆ చారలు లేకపోతే ఎన్ని నలుపు పసుపు టాక్సీలు నిలబెట్టినా బొంబాయి అనిపించదు. సెట్టు పనివాళ్లు ఆ చారలు రప్పించే పద్ధతి చూడముచ్చటగా ఉండేది. ముందు మామూలుగా రంగు వేస్తారు. అది పూర్తిగా ఆరకముందే నలుపూ గోధుమరంగూ కలిపిన నీళ్లు పైనుంచి పంపుతో కొడతారు. నీళ్లు తమంతట తామే దారి వెతుక్కుని జారుతాయి. బ్రష్షుతో గీసిన చార ఎక్కడున్నా పట్టుబడుతుంది, జారిన చార పట్టుబడదు. తర్వాత జనం చేతులు తగిలే ఎత్తులో జిడ్డు పూయడం, మెట్ల మూలల్లో పాన్ మరకలు, పోస్టర్ మీద పోస్టర్ అతికించి సగం చింపడం.

అడుగున అస్థిపంజరం సరుగుడు బాదులు. నేలలో లోతుగా పాతి, అడ్డకర్రలు కట్టి, వాటికి ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ షీట్లు బిగిస్తారు. రెండో అంతస్తు వరండాలో నటులు నిలబడాలంటే ఆ భాగానికి వేరే దిమ్మెలు, వేరే ఇనుము. కిటికీ చూరులు, పిట్టగోడల నగిషీలు ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చుపోస్తారు. నీళ్లలో పొడి వేయాలి గానీ పొడిలో నీళ్లు పోయకూడదు, ఉండలు కడుతుంది. కొబ్బరిపీచో గోనెపీచో కలపకపోతే ఎత్తేటప్పుడే విరుగుతుంది. పది పదిహేను నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి ఒక్కో అచ్చుకి ఎంత కావాలో అంతే కలపాలి. బోర్డులు రాసేవాళ్లకి మరాఠీ రాదు, గళ్లు గీసుకుని అక్షరాన్ని బొమ్మలా దింపేవారు. ఒక్క పొల్లు తప్పినా చదవగలిగినవాడు హాల్లో నవ్వుతాడు, ఆ నవ్వుతో సీను పోతుంది.

*

మంట సీన్లకి ఒక వరస ఉంటుంది. ఆ వరస తప్పితే సెట్టు పోతుంది, ఒక్కోసారి మనుషులే పోతారు. ముందు వీధి బాగున్నప్పటి సీన్లన్నీ తీసేయాలి, పిల్లలు బడికి వెళ్లేవీ కూరగాయల బండ్లవీ. తర్వాత సగం పగిలిన వీధి. ఆ తర్వాత మసిపట్టిన వీధి, అంటే రంగూ బొగ్గుపొడీ. నిజంగా తగలబెట్టే షాట్లు చిట్టచివర. కాలిన దాన్ని మళ్లీ కట్టడానికి డబ్బూ ఉండదు, రోజులూ ఉండవు.

కాలుతున్నట్టు కనబడే కిటికీలో చాలాసార్లు కాలేది కిటికీ కాదు. వెనక రేకు అమర్చి, దాని ముందు చిల్లులు పెట్టిన గ్యాసు గొట్టం పెడతారు. ఒక మనిషి వాల్వు పట్టుకుని కూర్చుంటాడు. "యాక్షన్" అనగానే తిప్పుతాడు, "కట్" అనగానే మూసేస్తాడు. నల్లపొగ కావాలంటే కిరసనాయిల్ గుడ్డలు, తెల్లపొగ కావాలంటే తడి కొబ్బరిపీచు. పెట్రోలు దగ్గరికి రానిచ్చేవారు కాదు, దాని ఆవిరి మంటకంటే ముందు పరిగెడుతుంది. కాగడాలకి గుడ్డ చుట్టి ఇనపతీగతో బిగించి, కిరసనాయిల్‌లో ముంచి, గట్టిగా పిండాలి. పిండకపోతే చుక్కలు కారి పట్టుకున్నవాడి మణికట్టు కాలుతుంది. మంట దగ్గరుండేవాళ్లకి నూలు బట్టలే, పాలిస్టర్ అయితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఇసుక బకెట్లు, తడిపిన గోనెసంచులు చెయ్యి చాచితే అందేచోట. ఫైరింజన్ గేటు బయట కాదు, లోపలే.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. మద్రాసులో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి తూర్పు నుంచి తిరుగుతుంది. పొద్దున పెట్టిన కెమెరా స్థానం సాయంత్రానికి పొగలో మునిగిపోతుంది. అందుకే మొదట్నుంచీ గాలికి ఎదురుగా కాకుండా పక్కగా పెడతారు.

ఎక్స్‌పోజర్ కూడా కత్తిమీద సాము. మంటని చూసి కొలిస్తే మనుషులు మసి ముద్దలవుతారు. మనుషుల్ని చూసి కొలిస్తే మంట తెల్లబడి కాగితంలా కనిపిస్తుంది. మంట ఎర్రగా నిలవాలంటే లెన్సులోకి వచ్చే వెలుగు తగ్గించాలి. మొహాల మీద మాత్రం నారింజ కాగితం కట్టిన లైటు వేసి, దాని ముందు గుడ్డపీలికలు ఊపుతూ ఒక లైట్‌బాయ్ నిలబడాలి. ఆ వెలుగు వణుకు మంట వణుకుతో కలవాలి. 'బొంబాయి'కి కెమెరా రాజీవ్ మీనన్. రాత్రి అల్లర్లలో జనం మొహాలు చీకట్లో కలిసిపోకుండా, పగల్లా వెలిగిపోకుండా నిలబడ్డాయి. ఆ వెలుగు సినిమా తీసేవాళ్లకు ఇవాళ్టికీ పాఠమే.

ఆ సినిమాలో చూడటం కష్టమైన సీను కవలలదే. గుంపు వాళ్లని పట్టుకుని హిందువులా ముస్లింలా అని అడుగుతుంది, ఒంటి మీద కిరసనాయిల్ పోస్తుంది. హాల్లో ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకున్న సీను అది. ఇలాంటివి తీసేటప్పుడు పోసేది నీళ్లే. అప్పట్లో రేషను కిరసనాయిల్ నీలంగా ఉండేది కాబట్టి చిటికెడు రంగు కలిపితే సరిపోతుంది. రాత్రిళ్లు పిల్లలు వణుకుతారని గోరువెచ్చగా పెడతారు. పట్టుకుని కుదిపే నటుల్ని ముందే పిల్లలతో కలిపి కూర్చోబెట్టి, అన్నం తినిపించి, చేరిక చేయిస్తారు. అగ్గిపుల్ల గీసే క్లోజప్ పిల్లలు లేనప్పుడు విడిగా తీస్తారు. భయం పుట్టేది రెండు ముక్కలు కలిసినచోట, ఎడిటింగ్ గదిలో.

*

ఆ గది సురేష్ అర్స్‌ది. ఆ సినిమా ఎడిటింగుకి ఆయనకు జాతీయ అవార్డు వచ్చింది, సమైక్యతా చిత్రంగా నర్గీస్ దత్ అవార్డు సినిమాకి వచ్చింది. కవలలున్న సినిమాని ఫిల్ము మీద ఎడిట్ చేయడం ఎంత కష్టమో ఇప్పటి కుర్రాళ్లకి చెప్పినా అర్థం కాదు. గుడ్డసంచి కట్టిన బిన్ (ఫిల్ము ముక్కలు వేలాడదీసే తొట్టి) మీద మేకులకి ముక్కలు వేలాడుతుంటాయి. ఒక్కోటి ఆరు ఫ్రేములు, పది ఫ్రేములు, అరచేతిలో పట్టేంత. వాటిల్లో ఏడుస్తున్న పిల్లాడు కబీరా, కమలా? భూతద్దం పెట్టి చూసినా తెలియదు. అంచు నంబరు, సహాయకుడి పుస్తకంలో రాత, క్లాప్ బోర్డు మీద అక్షరం, ఈ మూడే దిక్కు. పుస్తకం సరిగా రాయని సహాయకుడికి మర్నాడు ఆ గదిలో చోటుండదు.

అల్లర్ల రీళ్లలో ముక్కలు చిన్నవి. కానీ తప్పిపోయిన పిల్లాడి మీదికొచ్చేసరికి షాటు నిడివి పెరుగుతుంది, గుంపు శబ్దం వెనక్కి తగ్గుతుంది, రెహమాన్ వేణువు మొదలవుతుంది. వాయించింది నవీన్. ఆ వేణువు ఏ మతపు వాళ్ల కోసం ఏడుస్తుందో చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. దిక్కులేని ఒక పిల్లాడిని ఆదుకునేది హిజ్రా. ఇంట్లో పెద్దలు గుర్తుంచుకోవాల్సిన పాత్ర అది.

మసీదు కూల్చివేతని సినిమాలో దృశ్యంగా చూపించలేదు, పత్రికల శీర్షికలతో, ఫొటోలతో చెప్పారు. పేపరుని షూట్ చేయడం అనుకున్నంత సులువు కాదు. న్యూస్‌ప్రింట్ పల్చన, లైటు పడితే వెనక పేజీ అక్షరాలు ముందుకి తేలతాయి. వెనక నల్లకాగితం పెట్టి, పైన గాజుపలక అదిమి, రెండు పక్కలనుంచీ సమానంగా లైటు వేస్తే గానీ నలుపు నలుపుగా నిలవదు. మరీ దగ్గరికెళ్తే ఫొటో చుక్కలుగా విడిపోతుంది. చూపించకుండా చెప్పడం సెన్సార్ నిబంధన వల్ల వచ్చిందే అయినా, ఆ తలకట్టులు పెద్దవవుతూ వచ్చే తీరు సినిమాకి మేలే చేసిందని నా నమ్మకం.

ఇంకో మంచి నిర్ణయం తాతల పాత్రలు. హిందూ తండ్రి నారాయణ పిళ్లైగా నాజర్, ముస్లిం తండ్రి బషీర్‌గా కిట్టి. నిజజీవితంలో నాజర్ ముస్లిం, కిట్టి హిందువు. మేకప్ గదిలో ఒకరి బొట్టు ఒకరికి, ఒకరి టోపీ ఒకరికి వెళ్లింది. తెర మీద ఎక్కడా తేడా తెలియదు.

*

తెలుగు డబ్బింగుల సంగతి వేరే లోకం. వడపళని, సాలిగ్రామం, కోడంబాకం థియేటర్లలో పొద్దున తొమ్మిదికి మొదలైతే రాత్రి తొమ్మిది. సీనుని చిన్న చిన్న లూపులుగా కోసి తిప్పేవారు, అదే ముక్క పదిసార్లు, ఇరవైసార్లు. ప, బ, మ వచ్చినచోట పెదాలు కలవాలి. తమిళ వాక్యం చాలాసార్లు నోరు మూసి ముగుస్తుంది, మనది తెరిచి ముగుస్తుంది. డబ్బింగ్ రచయితల కష్టమంతా ఆ చివరి అరసెకను దగ్గరే.

గుంపు గొంతులకి మాత్రం మాటలు కుదరడం కాదు, కుదరకపోవడం కావాలి. ఎనిమిది పదిమందిని తెచ్చి మైకుకి దూరంగా, పక్కకి, వెనక్కి తిరిగి అరిపిస్తారు. ఒక్కో చోటునుంచి ఒక్కోసారి రికార్డు చేసి, ఒకదాని మీద ఒకటి వేస్తే పదిమంది వందమందవుతారు. అందరూ ఒకే మాట అరిస్తే అది గుంపు కాదు, బడిలో ఎక్కాలు. ఒక్క మాట స్పష్టంగా పైకి తేలినా జనం ఆ మాటే పట్టుకుంటారు, అందుకే మిక్సింగులో దాన్ని వెతికి అణిచేస్తారు. ఇలాంటి సినిమాల్లో రెండువైపుల అరుపులూ అరిచేది ఒకే పదిమంది. పొద్దున ఒక గుంపు, టీ తాగాక ఇంకో గుంపు. మంట చిటపటలకి మైకు దగ్గర సెల్లోఫేన్ కాగితం నలపడం, అద్దాలు పగిలినదానికి పాత ట్యూబులైట్లు గోనెలో వేసి కొట్టడం, పరుగులకి ఇసుక పోసిన పెట్టెలో చెప్పుల దరువు.

ఆ ఏడు రంజాన్ ఫిబ్రవరిలో వచ్చింది. రంజాన్ నెలంతా మద్రాసు మసీదుల్లో సాయంత్రం నోంబు గంజి పోస్తారు. బియ్యం, పెసరపప్పు, మెంతులు, వెల్లుల్లి, కొబ్బరిపాలు, ఒక్కోచోట కాస్త కీమా. గిన్నె పట్టుకుని ఎవరు నిలబడినా పోస్తారు, పేరడగరు. లైట్‌బాయ్‌లూ ఎఫెక్ట్స్ వాళ్లూ స్టీలు క్యారియర్లు పంపి తెప్పించుకునేవారు, ఉపవాసం విడిచేవాళ్లకి ముందు పోసి మిగిలింది అందరూ తాగేవారు. వడపళని మురుగన్ గుడి దగ్గర తైపూసం పండగ రద్దీలో అదే మనుషులు కావళ్లకి దారిచ్చి, రీళ్ల డబ్బాలు నెత్తిన పెట్టుకుని ల్యాబుకి నడిచేవారు. ఆ జీవితంలో విడ్డూరమేమీ లేదు. అందుకే 1995 జూలైలో ఆళ్వార్‌పేటలో మణిరత్నం ఇంటి మీద నాటుబాంబులు వేశారని, ఆయన కాలికి దెబ్బ తగిలిందని తెలిసినప్పుడు సినిమా వాళ్ల పేటలన్నీ కంగుతిన్నాయి.

*

ప్రింట్లు తయారయ్యాక రేకు పెట్టెల్లో సర్ది రైలెక్కించేవారు. తెలుగువి చాలావరకు విజయవాడ గాంధీనగర్ పంపిణీదారుల దగ్గరికి వెళ్లి, అక్కడ్నుంచి ఊళ్లకి చీలిపోయేవి. రెండు గంటల ఇరవై నిమిషాల సినిమా అంటే పన్నెండున్నర వేల అడుగులు, మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి.

ఇంత చేసినా చివరి మాట హాల్లో ప్రొజెక్టర్ నడిపే ఆపరేటర్‌దే. చిన్న ఊళ్లలో అప్పటికింకా కార్బన్ ఆర్క్ ప్రొజెక్టర్లే, రెండు కడ్డీల మధ్య కరెంటు మెరుపే వాటి దీపం. రెండు కార్బన్ కడ్డీల మధ్య దూరం పెరిగితే వెలుగు పసుపెక్కుతుంది, మామూలు సీన్లలో జనం గమనించరు. అల్లర్ల రాత్రులొచ్చేసరికి మాత్రం తెరంతా బురద, ఎవరు ఎవర్ని తరుముతున్నారో తెలియదు, మంట ఒక్కటే కనబడుతుంది. కరెంటు పొదుపని ఆంపియర్లు తగ్గించి నడిపే హాళ్లలో అయితే చెప్పనక్కర్లేదు. పని మీద ప్రేమున్న ఆపరేటర్లు అల్లర్ల రీళ్లు ఎక్కించే ముందు పొట్టి కడ్డీలు తీసేసి కొత్తవి పెట్టేవారు, అద్దం మీది మసి గుడ్డతో తుడిచేవారు, రీలు అయ్యేదాకా టీకి కూడా వెళ్లకుండా పక్కనే నిలబడి దూరం సరిచేస్తూ ఉండేవారు. ఆ హాళ్లలో చూసినవాళ్లకి గుంపులో ప్రతి మొహమూ కనబడింది.